ఆకు నంటిన నాచు

లండను నగరమందలి ఔషధనిర్మాతల సంఘములో రసాయనకార్యములను నడపుచుండిన రాబర్ట్ వారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు, 1849లో, ఇంచుమించు 12 గ్యాలన్ల నీరు పట్టు పాత్ర నొకదానిని తీసికొని, అడుగున ఇసుకయు గులకరాళ్లును పరచి, వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను అందులో విడిచి, నీటిని మార్చకయే ఈ రెండు జాతుల జీవులును ఎంతకాలము కలసి బ్రదుకగలవో పరీక్షింప బూనెను. చేప విడుచు బొగ్గుపులుసు గాలిని మొక్కయు, మొక్క విడుచు ప్రాణవాయువును చేపయు గ్రహించునన్న సిద్ధాంతము కాగితము మీద నిర్దుష్టముగనే యుండెను. అయినను కొంతకాలమునకు వాలిస్నేరియా ముదురాకులు కుళ్లసాగెను, నీరు కలకబారెను, ఆకుల మీదను పాత్ర గోడల మీదను పచ్చని జిగురునాచు పేరుకొనెను. అప్పుడాయన చెరువునత్తలను కొన్నింటిని తెచ్చి వదలగా, అవి కుళ్లిన యాకును నాచును తినివేసి నీటికి మరల తేట దెచ్చెను. ఈ వృత్తాంతమును వారింగ్టన్ 1850లో లండను రసాయన సంఘమునకు నివేదించెను. నేడు మన యిండ్లలో కనబడు చేపలతొట్టికి మూలపురుషుడని చెప్పదగిన యా పాత్రలోనే నాచు తలయెత్తినదనియు, అది మొట్టమొదట ముదిరి చీకుచున్న యాకులతో పాటుగనే వచ్చినదనియు పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఈ యధ్యాయమున చెప్పదలచిన విషయమునకు అదియే మొదలు.

నాచుగా మన కంటికి కనబడు జీవులన్నియు ఒక్క వంశమునకు చెందినవి కావు. పచ్చని దారములుగా పెరుగు హరితశైవలములు నేల మీది మొక్కలకు జ్ఞాతులు. నల్లని కుచ్చులుగా పెరుగునవి అరుణశైవలములు. గోధుమవన్నె పొడిగా పరచుకొను డయాటములు వేరొక దూరపు శాఖకు చెందినవి. జిగురుపొరలుగా కప్పునవియో, పేరునకు నీలహరిత శైవలములే యైనను, కణములో కేంద్రకమైనను లేని బాక్టీరియములు. మామిడిచెట్టునకు స్పైరోగైరా అను పచ్చని దారపునాచుతో గల బంధుత్వము, ఆ స్పైరోగైరాకు నీలహరిత శైవలముతో గల బంధుత్వము కంటె ఎన్నియో రెట్లు దగ్గరిది. దక్షిణదేశపు చెరువులలోను తడినేలలలోను గల యీ జీవులను వెదకి వర్ణించుటకు మదరాసున ఎం. ఓ. పార్థసారథి అయ్యంగారు (1886–1963) తన జీవితమును ధారవోసెను. ఆయన శిష్యుడగు టి. వి. దేశికాచారి 1959లో నీలహరిత శైవలములను గూర్చి వెలువరించిన ‘సయనోఫైటా’ అను బృహద్గ్రంథమును నేటికిని పరిశోధకులు తిరుగవేయుచునే యుందురు. ఇంతటి వైవిధ్యము గల జీవసముదాయమునకంతటికి ఒకే సీసాలోని ఒకే మందును అమ్మజూపు వర్తకుని మాటను ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకులే యూహింపగలరు.

నాచు బీజములు కొత్త మొక్కతో వచ్చును, నీటితో వచ్చును, గాలిలోని ధూళితో వచ్చును. వానిని రాకుండ ఆపుట యెవరి తరమును కాదు. కనుక తొట్టిలో నాచు కలదా లేదా యని విచారించుట వ్యర్థము. ఏ జాతి, ఏ యాకు మీద, ఆకులో ఏ భాగమున పెరిగినదని విచారింపవలెను. ఈ ప్రశ్నలకు సమాధానము దొరకినచో సగము వైద్యము జరిగినట్లే.

అయితే వైద్యమునకు పూర్వము రోగము నిజముగా కలదో లేదో చూచుట యుచితము. ఆకు మీద కనబడిన ప్రతి మరకయు నాచు కాదు. మన ప్రాంతములలో పెక్కుమంది బోరునీటినే తొట్టికి వాడుదురు. ఆ నీరు కఠినజలమైనపుడు, వాలిస్నేరియా, హైడ్రిల్లా మొదలగు మొక్కలు నీటిలో కరగియున్న బైకార్బనేటునుండి తమకు వలసిన కర్బనమును లాగికొనును. అంతట ఆకు ఉపరితలమున సున్నపుపొర తెల్లగా, గరుకుగా ఏర్పడును. దానిని బూజనియు తెల్లనాచనియు భ్రమించి మందులు పోసినవారు కలరు. అట్టి యాకు నొకదానిని త్రుంచి పళ్లెములో నుంచి, దానిపై నిమ్మరసమో వెనిగరో ఒక బొట్టు వేసినచో, సన్నని బుడగలు లేచి పొర కరగిపోవును. నాచైనచో ఏమియు జరుగదు. జావాఫెర్ను ఆకు వెనుకవైపున వరుసలుగా లేచు నల్లని గోధుమవన్నె పొక్కులు మరియొక భ్రాంతికి తావిచ్చును. అవి ఆ మొక్క సిద్ధబీజములను దాల్చు సంచులు. ఆ పొక్కుల చెంతనే కొంతకాలమునకు చిట్టిమొక్కలు వేళ్లతో సహా మొలకెత్తుటయు కద్దు. కొత్తగా నీటిలో దింపిన కొయ్యదుంగపై తెల్లని జున్నువంటి తెర కట్టుటయు సామాన్యమే. అది కొయ్యలోని చక్కెరలను తిని బ్రదుకు సూక్ష్మజీవుల గుంపు. కొన్ని వారములకు దానంతట అదియే అదృశ్యమగును.

ఇక నిజమైన నాచుల కథ. కొత్తగా నెలకొల్పిన తొట్టిలో మొదట దర్శనమిచ్చునది డయాటముల గోధుమపొర. ఆకును వ్రేలితో తుడిచినంతనే ఇది పొడిగా రాలిపోవును. సూక్ష్మదర్శినిలో చూచినచో, ఒక్కొక్క కణమును మూతగల డబ్బావలె ఒకదానిలో నొకటి యిమిడిన రెండు సిలికాచిప్పలలో నుండును. ఆ చిప్పల మీది చెక్కడపు గీతల సొగసునకు ముగ్ధులై వానిని సేకరించుటయే వ్యాపకముగా జీవితము గడపినవారు పాశ్చాత్యదేశములలో కొందరు కలరు. ఇట్టి చిప్పలు యుగయుగములుగా జలాశయముల యడుగున పేరుకొని మెత్తని మన్నుగా మారును. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1867లో నైట్రోగ్లిసరినును ఇంకించి డైనమైటును చేసినది ఆ మన్నుతోనే. తొట్టిలోని డయాటములను గూర్చి మాత్రము భయపడనక్కరలేదు. కొత్త ఇసుక, కొత్త నీరు, ఇంకను వేరు పట్టని మొక్కలు, ఇవన్నియు కుదురుకొనులోపల అవి విజృంభించి, కుదురుకొన్న వెనుక తగ్గిపోవును. తుడుచుట, కొంత నీరు మార్చుట, ఓపికపట్టుట తప్ప చేయదగినది లేదు.

గాజు మీదను, అనూబియాసు వంటి నిదానపు మొక్కల ముదురాకుల మీదను గుండ్రని పచ్చచుక్కలుగా, వ్రేలితో రాచినను వదలక అంటుకొనునది మరొకటి. గాజు మీద నున్నచో బ్లేడుతో గీకి తీయవచ్చును. ఆకు మీద నున్నచో, చుక్కలు సగమునకు మించినపుడు ఆకునే తీసివేయుట మేలు. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

దారపునాచుల విషయమున చేతివ్రేళ్లే మొదటి సూక్ష్మదర్శిని. కొంత నాచును తీసి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి రాచి చూడవలెను. జారిపోవుచు, పట్టునకు చిక్కక, జిగురుగా నున్నచో అది స్పైరోగైరా గాని దాని దాయాది గాని కావచ్చును. దాని కణకవచముపైన జిగురుపొర యొకటి కలదు. నూలువలె గరుకుగా, పీచుపీచుగా, నీటినుండి తీసి పిండినచో ముద్దగా నిలుచునదియై యున్నచో క్లాడోఫోరా కావచ్చును. దీనికి జిగురు లేదు, పైపెచ్చు కొమ్మలు కలవు. ఆ జిగురు లేకపోవుటచేతనే ఇతర సూక్ష్మజీవులు క్లాడోఫోరా దారమును అంటి కాపురముండును. స్పైరోగైరా దారమో, తళతళలాడుచు శుభ్రముగా నుండును. కళాశాలలో వృక్షశాస్త్రము చదివినవారికి స్పైరోగైరా చిరపరిచితమే: కణమునందు మెలికలు తిరిగిన పచ్చని పట్టెడవంటి హరితరేణువును ప్రయోగశాల పుస్తకములో గీయనివారెవరు? ఆ పట్టెడను గీసిన చేతులతోనే ఇంటిలో దానిపై యుద్ధము ప్రకటించువారికి ఒక్క హెచ్చరిక. స్పైరోగైరా వర్గమే నేలమొక్కలకు అత్యంత సన్నిహిత బంధువని ఇటీవలి జన్యుపరిశోధనలు తేల్చినవి. అంత దగ్గరి చుట్టమును చంపు మందు మొక్కను మాత్రము విడిచిపెట్టునని ఆశించుట యవివేకము. దారము తెగిన ప్రతిముక్కయు మరల పెరుగును గనుక, లాగి త్రెంచి నీటిలోనే వదలుట దానిని నాటుటతో సమానము.

నీలహరిత శైవలమును గుర్తించుటకు ముక్కు చాలును. ముదురుపచ్చ, నీలపుపచ్చ, ఒక్కొక్కప్పుడు నలుపునకు దగ్గరి రంగులో మెత్తని దుప్పటిగా మొక్కలను, ఇసుకను కప్పి, ఒక మూల పట్టి లాగినచో పొరపొరగా లేచివచ్చుటయు, ఆ పొరక్రింద ప్రాణవాయువు బుడగలు చిక్కుపడి యుండుటయు దీని లక్షణములు. చేతనంటిన పొరను వాసన చూచినచో తడిమట్టి వాసనయు కుళ్లువాసనయు కలగలసి యుండును. తొలకరివానకు నేలనుండి లేచు పరిమళమునకు కారణమైన జియోస్మిన్ అను పదార్థమునే వీనిలో పెక్కుజాతులు తయారుచేయును. వీని వంశము సామాన్యమైనది కాదు. సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి వాతావరణమున ప్రాణవాయువును మొదట నింపినవి ఈ జీవుల పూర్వీకులే. వీనిలో కొన్ని గాలిలోని నత్రజనిని నేరుగా స్వీకరింపగలవు. కావుననే నీటిలో నైట్రేట్లు బొత్తిగా క్షీణించి, మొక్కలు పస్తులున్నపుడు ఇవి పైచేయి సాధించునని అనుభవజ్ఞులు చెప్పు మాట నమ్మదగియున్నది. ఇవి బాక్టీరియములు గనుక ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్కులకు లొంగును. అట్లని మనుష్యుల ప్రాణములను నిలుపవలసిన మందును చేపలతొట్టిలో కరగించి, ఆ నీటిని మురుగుకాలువలోనికి వదలి, మందునకు జంకని సూక్ష్మజీవులను పెంచుట ఏమి న్యాయమో నాకు బోధపడదు. మూడు దినముల చీకటితో తీరు పనికి అంతటి యాయుధ మనవసరము.

అన్నింటికంటె పెంపకందారులను ఏడిపించునది నల్లకుచ్చునాచు. దుకాణములలో దీనిని బ్లాక్ బియర్డ్ అందురు. ఆడోవినెల్లా ప్రభృతులు దీనిలో చేరును. ఆకు అంచు వెంబడి పొట్టిపొట్టి కుచ్చులుగా, నలుపో బూడిదవన్నెయో ముదురాకుపచ్చయో చెప్పరాని రంగులో మొలచి, గీకినను లాగినను ఆకు చిరుగునేగాని తాను ఊడిరాదు. దీని నిజస్వరూపమును తెలియగోరువారు ఇంటిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. నాచు పట్టిన ఆకుముక్కను కత్తిరించి, చిన్న గాజుసీసాలో సర్జికల్ స్పిరిటు పోసి, అందులో వేసి మూత పెట్టవలెను. కొంతసేపటికి స్పిరిటు ఆకుపచ్చగా మారసాగును. నల్లగా నుండిన కుచ్చు క్రమక్రమముగా ఎరుపువారి, తుదకు పలుచని దానిమ్మపూవు వన్నెకు తిరుగును. ఆకులోను నాచులోను గల పత్రహరితము స్పిరిటులో కరగి వెడలిపోగా, స్పిరిటులో కరగని ఫైకోఎరిత్రిన్ అను ఎర్రని వర్ణకము నాచులోనే నిలిచిపోవుటయే ఇందలి రహస్యము. పచ్చదనము ఎర్రదనము ఒకదానిపై నొకటి పడి నలుపుగా మన కంటిని వంచించినవి. ఈ నల్లకుచ్చు అరుణశైవలమనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

అరుణశైవలములలో అత్యధికభాగము సముద్రవాసులు. అగరు తీయబడునదియు, జపానువారు పలుచని పత్రములుగా ఎండబెట్టి అన్నమునకు చుట్టి తినునదియు ఈ కుటుంబములోనివే. నీటిలోతులకు చేరగల నీలపు, పచ్చని కిరణములను పీల్చుకొనుటకు ఆ యెర్రని వర్ణకము సాధనము. మంచినీటికి వచ్చి స్థిరపడిన కొద్దిజాతులు మాత్రము పారు నీటిని, సెలయేళ్ల రాళ్లను ఎక్కువగా ఆశ్రయించును. ఇది తెలిసినవారికి, తొట్టిలో నల్లకుచ్చు మొదట ఫిల్టరు గొట్టపు మూతివద్దను, నీటితాకిడి తగులు ఆకుల అంచులను ఎందుకు పట్టుచున్నదో విడిగా చెప్పనక్కరలేదు. జింకకొమ్ములవలె చీలికలు గలిగి బూడిదవన్నెలో పెరుగు కాంప్సోపోగన్ కూడ ఈ వర్గములోనిదే. దానికిని స్పిరిటు పరీక్ష వర్తించును.

ఇప్పుడు వారింగ్టన్ గారి చీకిన యాకునకు మరలి రావలసియున్నది. ఏ తొట్టినైనను నిదానించి చూచినచో, ఒకే మొక్కకు గల లేతాకులు నిగనిగలాడుచుండగా, నాచు ముదురాకులను వరించి యుండుట కానవచ్చును. ముదురాకు చాలకాలము వెలుతురులో నిలిచియుండుట యొక కారణము. మొక్క తనకు కొరవడిన నత్రజనిని, భాస్వరమును, పొటాసియమును ముదురాకునుండి తీసి లేతాకునకు తరలించును గనుక, ముదురాకు బలహీనపడి, దానిలోని కరగు పదార్థములు నీటిలోనికి ఊరుట మరియొక కారణము. అందుచే ముదురాకుల మీద మాత్రమే నాచు కలిగి, చిగురు చక్కగా పెరుగుచున్న తొట్టి ఆరోగ్యవంతమైనదే. ఆ యాకులను కత్తిరించిన చాలును. లేతాకు విప్పుకొన్నంతనే నాచు పట్టుచున్నచో మాత్రము పెరుగుదలయే స్తంభించినదని గ్రహింపవలెను. నీటిమొక్కల పెరుగుదలను స్తంభింపజేయువానిలో మొదటిది కర్బనపు కొరత. గాలిలో కంటె నీటిలో వాయువుల వ్యాపనము ఇంచుమించు పదివేల రెట్లు మందగమనము గలది. గాలితో సమతూకమున నున్న నీటిలో లీటరునకు ఇంచుమించు అరమిల్లీగ్రాము బొగ్గుపులుసు గాలి మాత్రమే యుండును. సిలిండరునుండి ఆ వాయువును ఎక్కించువారు దానిని లీటరునకు 20 నుండి 30 మిల్లీగ్రాముల వరకు తెత్తురు. ఈ యెక్కింపు ఒకనాడు హెచ్చు, ఒకనాడు తగ్గుగా నున్న తొట్టులలోనే నల్లకుచ్చు ప్రబలుచున్నదని పెంపకందారులు ఏకకంఠముగా చెప్పుదురు. ఇది ప్రయోగశాలలో తూచి తేల్చిన సూత్రము కాదు. అనుభవము కూర్చిన మాట. అయినను అనేకులకు ఒకే యనుభవము కలిగినపుడు దానిని త్రోసిపుచ్చరాదు.

నీటిలోని పోషకములను గూర్చి జరిగిన వివాదము మనోహరమైనది. కెనడా దేశపు ఒంటారియోలో శాస్త్రప్రయోగములకై ప్రత్యేకించిన సరస్సులలో 226వ సంఖ్య గల దానిని 1973లో డేవిడ్ షిండ్లర్ బృందమువారు ప్లాస్టిక్ తెరతో రెండుగా విభజించి, ఒక భాగమున కర్బనమును నత్రజనిని మాత్రమును, రెండవ భాగమున వానితో పాటు భాస్వరమును కలిపిరి. భాస్వరము పడిన భాగము నాచుతో పచ్చబడెను. మొదటిది తేటగనే నిలిచెను. మన హైదరాబాదు హుస్సేన్‌సాగరము మురుగునీటి పోషకములతో నిండి పచ్చని చిక్కని జలముగా మారుటకును కారణమిట్టిదే. దీనిని చేపలతొట్టికి అన్వయించి, పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అను ఇద్దరు 1996లో, తక్కిన పోషకములన్నియు సమృద్ధిగా నిచ్చి భాస్వరమును మాత్రము కొరతగా నుంచినచో నాచు మాడిపోవునని ప్రతిపాదించిరి. పెక్కుమంది అనుసరించిరి. తరువాత టామ్ బార్ అను అమెరికను పెంపకందారు, మొక్కలు దట్టముగా పెరుగుచున్న తొట్టిలో భాస్వరమును బుద్ధిపూర్వకముగా పోసి చూపి, నాచు రాకపోవుటను వెల్లడించెను. రెండు పక్షముల మాటయు తమతమ తావుల యందు సత్యమేయని నా యభిప్రాయము. సరస్సు నడుమ నీటిలో తేలు నాచునకు పోటీవచ్చు మొక్క లేదు. తొట్టిలో నేలనంతయు ఆక్రమించిన మొక్కలు కలవు. మొక్కలు మూడు కాడలైనను లేని తొట్టిలో ఎరువులు పోసి, బార్ పోసెను గదా యని వాదించువాడు పోలిక తెలియనివాడు.

వెలుతురు మాట క్లుప్తముగా చెప్పవచ్చును. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటల దీపము చాలును. కిటికీనుండి ఎండ నేరుగా పడు తావున తొట్టి నుంచరాదు. నాచు పట్టినదని మొక్కలకు మరింత వెలుతురునిచ్చి బలపరుప జూచుట మంటపై నేయి పోయుటయే యగును.

తొలగించుటకు మొదటి సాధనములు కత్తెరయు, పాత పండ్లబ్రష్షును, సన్నని రబ్బరుగొట్టమును. నీరు మార్చు దినముననే ఈ పని పెట్టుకొనవలెను. దారపునాచులో బ్రష్షును నిలువుగా దింపి ఒకే దిక్కునకు త్రిప్పుచున్నచో దారములన్నియు దానికి చుట్టుకొని ఒక్క పెట్టున వచ్చును. తెగి తేలు ముక్కలను గొట్టముతో పీల్చి వెలుపలికి పంపవలెను. నీలహరిత పొరను గొట్టపు మూతితో అంచునుండి ఒలుచుచు లాగివేసి, పిమ్మట తొట్టిని నల్లని గుడ్డతో మూడు దినములు పూర్తిగా కప్పి, చేపలకు మేత మాని, గాలిపంపును నడుపవలెను. ఈ కడపటి మాటను మన వేసవిలో మరువరాదు: 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టియుంచగా, 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే పట్టును, చీకటిలో మొక్కలు తామును దానినే పీల్చును, చచ్చి కుళ్లు నాచు మిగిలినదానిని హరించును. గుడ్డ తీసిన వెంటనే సగము నీటిని మార్చవలెను.

నల్లకుచ్చునకు హైడ్రోజన్ పెరాక్సైడ్ మంచి విరుగుడు. మందుల దుకాణములలో 3 శాతపుది దొరకునో లేదో అడిగి, గాఢమైనదైనచో పలుచన చేసికొని, ఫిల్టరును ఆపి, నీరు నిలకడ చెందిన పిమ్మట, సూది లేని సిరంజితో కుచ్చుల మీదనే మెల్లగా వదలవలెను. వెంటనే కుచ్చులనుండి ముత్యములవంటి బుడగలు లేచును. పది నిమిషములకు ఫిల్టరును మరల నడుపవచ్చును. 40 లీటర్ల నీటికి ఒక దినమున 15 మిల్లీలీటర్లను మించరాదు. రొయ్యలున్నచో అందులోను సగమే మేలు. కొద్ది దినములలో కుచ్చు గులాబివన్నెకు తిరిగి, పిమ్మట తెల్లబడి రాలును. మందు నీరుగాను ప్రాణవాయువుగాను విడిపోవుటచే తొట్టిలో శేషమేమియు మిగులదు. కొత్తగా కొన్న మొక్కలకైనచో, పరిమళము సబ్బు కలియని 5 శాతపు బ్లీచింగు ద్రావణమును ఒక పాలు, నీటిని 19 పాళ్లు కలిపి, వేళ్లు తడియకుండ, అనూబియాసు వంటి గట్టి యాకులను రెండు నిమిషములు, మెత్తని కాడమొక్కలను ఒక నిమిషము ముంచి తీసి, ధారాళముగా కడిగి, క్లోరిన్‌ను హరించు సోడియం థయోసల్ఫేటు నీటిలో కొంతసేపు ఉంచవలెను. పూర్వము ఫొటోగ్రాఫర్ల చీకటిగదిలో హైపో యనబడినది ఈ స్ఫటికమే. వాలిస్నేరియా, హైడ్రిల్లా, నీటిమాసులు ఈ స్నానమునకు తాళలేవు. బ్లీచింగును ఆమ్లముతో గాని పెరాక్సైడుతో గాని ఎన్నడును కలుపరాదు.

మైలుతుత్తము మాట యెత్తువారు కలరు. 1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెలర్‌మన్ అనువారు మంచినీటి జలాశయములలోని నాచునకు దానిని విరుగుడుగా చూపినది నిజమే. కాని రాగి నత్తలను రొయ్యలను బ్రదుకనీయదు, మొక్కల లేతవేళ్లను కూడ మాడ్చును. ఇంటితొట్టిలో దానికి స్థానము లేదు.

నాచును తిను ప్రాణులలో అగ్రతాంబూలము జపాను దేశపు ఒక సన్నరొయ్యది. ఉద్యానముల వంటి నీటితొట్టులను రూపొందించి విఖ్యాతుడైన తకాషి అమానో (1954–2015) దానిని ప్రచారములోనికి తెచ్చెను గనుక, అది నేడు అమానో రొయ్య యనియే పిలువబడుచున్నది. దారపునాచును ఓపికగా కొరికి తినును; దాని పిల్లలు ఎదుగుటకు ఉప్పునీరు కావలెను గనుక తొట్టిలో సంతతి పెరుగదు. దక్షిణ అమెరికా నుండి వచ్చు ఓటోసింక్లసు చేప డయాటములను నాకి ఆకులను తళుకులెత్తించును. నల్లకుచ్చును తినునవి బహుస్వల్పము. సయామీ నాచుచేప వానిలో నొకటి, అదియు మేత తగ్గించి ఆకలిగొన్నపుడే. మన దుకాణములలో తొట్టిని శుభ్రపరచునని చెప్పి అంటగట్టు సక్కరుచేప మాత్రము చిన్నతనమున నాచును తినినను, పెరిగి మూరెడై మొక్కలను పెల్లగించును. దానితో విసిగినవారు చెరువులోనో నదిలోనో వదలుటచే, అది తెలుగుదేశపు జలాశయములలో వ్యాపించి, స్థానికపు చేపలను త్రోసి, గట్టి ముళ్లతో జాలరుల వలలను చింపుచున్నది. వారు దానిని దెయ్యపుచేప యని తిట్టుచున్నారు. ఒకప్పుడు పూవు సొగసునకై తెచ్చిన గుర్రపుడెక్క మన కాలువలను పూడ్చిన వైనము ఎరుగనివారు లేరు. అక్వేరియములనుండి వెడలిన కబోంబా నేడు కేరళ కాలువలను కప్పుచున్నది. కావున తొట్టినుండి తీసిన నాచును గాని, కత్తిరించిన కాడలను గాని, వద్దనుకొన్న చేపను గాని చెరువులో, కాలువలో, మురుగులో వేయవలదని పాఠకులకు మనవి. నాచును కాడలను ఎండబెట్టి తోటమట్టిలో పూడ్చిన మంచి యెరువగును. చేపను కొన్న దుకాణమునకే తిరిగి ఇచ్చివేయవలెను.